నైరుతి గదిలో మే నెల

గన్నవరం చుట్టుపక్కల ఇళ్ళకు ప్లాన్లు గీయడం నా వృత్తి. కేసరపల్లి, బుద్ధవరం మొదలుకొని విజయవాడ దారిలో నిడమానూరు, ఎనికేపాడు దాకా ఎవరైనా స్థలమో ఫ్లాటో చూసుకుంటే, అడ్వాన్సు ఇచ్చేముందు ఒక్క మాట అడిగి పోదామని వస్తుంటారు. వాళ్ళు ఏం అడుగుతారో నాకు వరసగా తెలుసు. మొదట ఫేసింగ్. తరవాత బోరు నీళ్ళు తియ్యగా ఉన్నాయా, ఉప్పగా ఉన్నాయా. ఆపైన కారు పార్కింగ్, లిఫ్టు, హైవేకి ఎంత దూరం. బుడమేరు వాగు పొంగితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయన్న ప్రశ్న 2024 సెప్టెంబరు వరదల తరవాత జాబితాలో బాగా పైకి వచ్చింది. రావాల్సిందే. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఆ ఇంట్లో పడకగది ఎలా ఉంటుందన్న ప్రశ్న మాత్రం ఎక్కడా వినపడదు.

ఎండంటే తెలియని ఊరు కాదు మాది. విజయవాడలో ఇవాళ ఇన్ని డిగ్రీలని టీవీలో చెప్పే అంకె మా గన్నవరం విమానాశ్రయం దగ్గర కొలిచినదే. 2015 వేసవిలో దేశంలో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా చనిపోతే, వాళ్ళలో అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్ళు. ఎండకు భయపడి పెళ్ళి ముహూర్తాలు మార్చుకునేవాళ్ళు, పొలం పనికి తెల్లవారకముందే బయల్దేరేవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు ఆ ఎండను ఎందుకు లెక్కలోకి తీసుకోరన్నది చాలాకాలంగా నన్ను వదలని ప్రశ్న.

అసలు తీసుకోరనడం కూడా సరికాదు. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో పైఅంతస్తు ఫ్లాట్ ధర తగ్గించి అడుగుతారు. "పైన శ్లాబు కాలుద్దండీ, ఉండలేం" అని మొహం మీదే చెప్తారు. బిల్డరు కూడా కాదనడు, తగ్గిస్తాడు. అంటే వేడికి మార్కెట్లో ధర ఉంది. పైఅంతస్తు దగ్గర మాత్రమే ఆ ధర కళ్ళకు కనిపిస్తుంది. రెండో అంతస్తులో పడమటి గోడ వెనక ఉన్న పడకగదికి ఆ లెక్క వర్తించదు. అక్కడ అడిగేవాళ్ళూ లేరు, తగ్గించేవాళ్ళూ లేరు.

మనవాళ్ళు చల్లదనానికి ఖర్చు పెట్టరన్న మాట నేను ఒప్పుకోను. ధారాళంగా పెడతారు. ఏసీ కొనేటప్పుడు మూడు స్టార్లా ఐదు స్టార్లా అని ఇంటిల్లిపాదీ చర్చించుకుని, ఎక్కువ పోసి ఐదు స్టార్లదే తెచ్చుకుంటారు. ఆ ఖర్చంతా ఇల్లు పూర్తయ్యాక పెడతారు. గోడలో, కప్పులో, కిటికీలో పెట్టాల్సిన సమయంలో ఆ ఊసే ఉండదు. గృహప్రవేశం అయ్యాక గోడ మందం పెంచలేం, కిటికీని పడమర నుంచి దక్షిణానికి జరపలేం. మిగిలిన దారి ఏసీ ఒక్కటే.

ఇక్కడ నైరుతి గది సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

మన ప్రాంతంలో వాస్తు చూడకుండా ఇల్లు కట్టేవాళ్ళు నాకు తగల్లేదు. వాస్తు ప్రకారం యజమాని పడకగది నైరుతిలో ఉండాలి. గన్నవరం పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందువల్ల సూర్యుడు మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి మధ్యాహ్నం సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. ఈ రెండింటి మధ్య కాలంలో కాస్త ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి మండు వేసవిలో దక్షిణపు గోడకు ఎండ దెబ్బ దాదాపు ఉండదు, చిన్న సజ్జ ఉన్నా సరిపోతుంది. దెబ్బంతా కప్పు మీద, ఆ తరవాత తూర్పు పడమర గోడల మీద. తూర్పుగోడ పొద్దున వేడెక్కినా మధ్యాహ్నం నుంచి నీడలో ఉంటుంది. పడమటి గోడకు మాత్రం రోజంతా వేడెక్కిన గాలి చాలదన్నట్టు, రెండు గంటల నుంచి పొద్దుగూకేదాకా ఏటవాలు ఎండ నేరుగా తగులుతుంది. ఆ ఎండను సజ్జ ఆపలేదు, దాని కింద నుంచి వస్తుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ మధ్యాహ్నం పీల్చుకున్న వేడి అవతలి వైపుకి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. సరిగ్గా మనం అన్నాలు తిని పడుకునే వేళకి అది గదిలోకి దిగుతుంది.

అంటే ఇంట్లో అందరికన్నా ఎక్కువ డబ్బు పెట్టిన మనిషి అన్నిటికన్నా వేడి గదిలో పడుకుంటున్నాడు. ఇందులో శాస్త్రాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. నైరుతి బరువుగా ఉండాలి, ఎత్తుగా ఉండాలి, పెద్ద చెట్లు పెంచితే దక్షిణం పడమరల్లో పెంచుకోవాలి అని వాస్తు చెప్పేవాళ్ళే చెప్తారు. లావు మట్టి గోడ, దాని ముందు వసారా, వసారా అవతల చింతచెట్టో వేపచెట్టో ఉన్న రోజుల్లో ఆ మూల గది చల్లగానే ఉండేది. మనం గదిని ఆ మూలే ఉంచి, దాని బరువునీ చెట్టునీ తీసేశాం. తూర్పు, ఉత్తరాల్లో ఖాళీ ఎక్కువ వదలాలి కాబట్టి పడమర మూడడుగుల సందు మిగులుతుంది, అక్కడ చెట్టుకు చోటు లేదు. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తుకి ఆ సందు నీడ కూడా అందదు.

ఈ మధ్య రిటైరైన ఒక ఉపాధ్యాయ దంపతులు నూట ఎనభై గజాల్లో ఇల్లు కట్టుకుంటామని వచ్చారు. పడమర రోడ్డు. ముందు భాగమంతా అద్దాలతో ఎలివేషన్ కావాలని ఫోన్లో ఫొటోలు చూపించారు. నేను ఆ గోడ మీద ఎండ ఎన్ని గంటలకు ఎక్కడ పడుతుందో కాగితం మీద గీసి, మెట్లు అటువైపు పెడదామన్నాను. మెట్ల గది ఎంత కాలినా అక్కడ ఎవరూ పడుకోరు కదా, దాని వెనక పడకగది నీడలో ఉంటుంది.

"పడమర మెట్లంటే సిద్ధాంతి గారు ఏమంటారో ఇంజనీరు గారూ" అన్నారు ఆవిడ.

"పడమర, దక్షిణాల్లో మెట్లకు అభ్యంతరం లేదని ఆయనే చెప్తారమ్మా, అడిగి చూడండి" అన్నాను. అడిగారు. ఆయన వెంటనే సరేనన్నారు. పడకగదికి ఇంకా మిగిలిన పడమటి గోడ పొడవునా బట్టల అలమరలు పెట్టించాం. బట్టలతో నిండిన రెండడుగుల అలమర మంచి అడ్డుగోడ. ఈ మార్పులకు అదనంగా పెట్టిన ఖర్చు లేదు. ప్లాన్ గీసేటప్పుడు పెన్సిల్ జరిపాం, అంతే. నా వృత్తిలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చే పని ఇదే, ఇలాంటి రోజుల కోసమే ఇంకా గీస్తున్నాను.

గోడ దగ్గర మాత్రం మాస్టారు ఒప్పుకోవడానికి టైం పట్టింది. బయటి గోడలకు లైట్ వెయిట్ ఇటుక, అంటే ఏఏసీ బ్లాకు వాడదామన్నాను. మామూలు కాల్చిన ఇటుకతో పోలిస్తే దాని గుండా వేడి సుమారు నాలుగో వంతే దాటుతుంది. "తడితే డొల్లగా మోగుద్ది, మేకు నిలవదంట కదండీ" అన్నారాయన. ఈ అభ్యంతరం చాలామందికి ఉంది, తీసిపారేయాల్సిందీ కాదు. మామూలు మేకు దానిలో నిజంగానే సరిగ్గా నిలవదు, ప్లగ్గు వేసి మర బిగించాలి. ప్లాస్టరింగ్ సరిగా చేయని మేస్త్రి చేతిలో పడితే పగుళ్ళు వస్తాయి. గోడ గట్టిదనాన్ని చేత్తో కొట్టి చూసే అలవాటు మనకు తరాలుగా ఉంది, చల్లదనాన్ని చేత్తో చూసే అలవాటు లేదు. చివరికి పడమటి గోడ ఒక్కటి బ్లాకుతో కట్టి, మిగతావి ఇటుకతో కట్టడానికి రాజీపడ్డాం.

కప్పు మీద మనవాళ్ళకున్న మమకారానికి వేరే చరిత్ర ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పోయినవాళ్ళు వేలల్లో. తాటాకు ఇళ్ళు ఆనవాళ్ళు లేకుండా పోయాయి. ఆ తరవాత తీరం వెంట పక్కా ఇళ్ళు, తుఫాను షెల్టర్లు లేచాయి. కృష్ణా జిల్లాలో శ్లాబు అంటే ప్రాణానికి హామీ అన్న నమ్మకం అనుభవంలోంచి పుట్టింది. దానికి తోడు వేసవిలో నిప్పురవ్వ ఎగిరిపడితే వాడంతా కాలిపోయిన రోజులు పెద్దవాళ్ళకు గుర్తే. అందుకే పాత మండువా లోగిళ్ళను, పెంకుటిళ్ళను తలుచుకుని ఇప్పటి ఇళ్ళను తిట్టేవాళ్ళతో నేను కలవలేను. ఆ ఇళ్ళలో చెదలు, వానాకాలం కారుపులు, వంటింట్లో పొగకు కళ్ళు పోగొట్టుకున్న ఆడవాళ్ళు కూడా ఉన్నారు. శ్లాబు ఉండాల్సిందే. ఆ శ్లాబు పైన ఏముందన్నదే నా ప్రశ్న.

పైన ఉండేది మాసిన సిమెంటు. ఎండలో ఎక్కువ భాగాన్ని అది పీల్చుకుంటుంది. దాని మీద తెల్లగా సున్నం వేస్తే ఎక్కువ భాగం తిరిగి ఆకాశంలోకి పోతుంది. ఏటా వేసవి ముందు డాబా మీద సున్నం కొట్టించడం చాలా ఇళ్ళలో ఉన్న అలవాటే. వానకు కొట్టుకుపోకుండా జిగురు కలిపి వేసేవాళ్ళున్నారు, కూల్ పెయింట్లు వేసేవాళ్ళున్నారు, తెల్ల టైల్స్ పరిచేవాళ్ళున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ఏకంగా కూల్ రూఫ్ విధానమే ప్రకటించింది. అయినా అపార్ట్‌మెంట్లలో ఈ పని ఆగిపోవడానికి కారణం చిన్నది. డాబా అందరిదీ, వేడి పైఅంతస్తువాళ్ళది. సంఘం సమావేశంలో ఆ ఖర్చు ప్రస్తావన వస్తే కింద నాలుగు అంతస్తులవాళ్ళూ మౌనంగా ఉంటారు. అద్దె ఇళ్ళలోనూ ఇదే కథ. ఇల్లు కట్టించేది ఓనరు, కరెంటు బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్ళు. బిల్డరు సంగతి చెప్పక్కర్లేదు, తాళం చేతులు మారాక వేడితో అతనికి పని లేదు. ఖర్చు ఒకరిది, లాభం ఇంకొకరిది అయినచోట మంచి ఉద్దేశాలు నిలబడవు.

కిటికీల విషయంలో జరిగిన నష్టం ఇంకా ఎవరి దృష్టికీ రాలేదు. పాత టేకు రెక్కల కిటికీ బార్లా తెరిస్తే దాని వైశాల్యమంతా గాలికి దారే. ఇప్పుడు అందరూ పెట్టించే రెండు అద్దాల స్లైడింగ్ కిటికీ ఎంత తీసినా సగమే తెరుచుకుంటుంది. చూడ్డానికి ఆరడుగులు, గాలికి మూడడుగులు. దాని పైన వెంటిలేటర్ ఉండేది, ఏసీ చల్లదనం పోతుందని, ఫాల్స్ సీలింగ్‌కి అడ్డమని అదీ తీసేశారు. కేంద్రంలోని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ 2018 డిసెంబరులో నివాసగృహాల కోసం ఎకో నివాస్ సంహిత తెచ్చింది. అందులో మనలాంటి ఉక్కపోత ప్రాంతాలకు ఒక లెక్క చెప్పారు. తెరుచుకునే కిటికీలు, తలుపుల వైశాల్యం ఇంటి నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలి. ఎండ వేడి గోడల గుండా ఎంత రావచ్చో, కప్పు గుండా ఎంత రావచ్చో కూడా హద్దులు పెట్టారు. మంచి పత్రం. కానీ అది ఐదు వందల చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాలను ఉద్దేశించింది. మన లెక్కలో దాదాపు ఆరు వందల గజాలు. మా దగ్గర సొంతిల్లు కట్టుకునేవాళ్ళలో ఎక్కువమందివి నూట యాభై, రెండు వందల గజాలు. ఆ పుస్తకం మాటలు వాళ్ళ గుమ్మం దాకా రావు.

హరిత భవనాల చరిత్రలో తెలుగు నేలకు పెద్ద పేరే ఉంది. హైదరాబాద్‌లోని సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2003లో అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం రేటింగ్ పొందిన తొలి భవనం. మరుసటి ఏడాది అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలామ్ దాన్ని ప్రారంభించారు. హరిత భవనం అన్న మాట ఆఫీసు భవనాల్లో పాకింది. ఇళ్ళలోకి వచ్చేసరికి గేటు పక్కన బోర్డుగా మారింది, కొనేవాళ్ళు దాన్ని స్విమ్మింగ్ పూల్, జిమ్ సరసన చదువుకుంటున్నారు.

మాస్టారి అబ్బాయి టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాడు. మన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్న ఊరు. కొత్త ఇళ్ళకు ఇంధన పొదుపు ప్రమాణాలను ఆ నగరం 2001లోనే తప్పనిసరి చేసింది. ఫోన్లో ప్లాన్ గురించి మాట్లాడుతూ అతను అన్నాడు: "అంకుల్, ఇక్కడ నేను కొన్న ఇంటికి ఎనర్జీ స్కోరు ఇచ్చారు. అటక మీద ఎంత మందాన ఇన్సులేషన్ ఉందో కూడా రాసి ఇచ్చారు. విజయవాడలో ఫ్లాట్ కొన్నప్పుడు నాకు ఇవేవీ అడగాలని తోచనే లేదు." బ్రిటన్‌లో కూడా 2007 నుంచి ఇల్లు అమ్మాలంటే ఏ నుంచి జీ దాకా గ్రేడు ఇచ్చే పత్రం ఉండాలి. మాస్టారి అబ్బాయి రెండుచోట్లా అదే మనిషి. అక్కడ కాగితం చేతికి వచ్చింది కాబట్టి చదివాడు, ఇక్కడ రాలేదు కాబట్టి అడగలేదు. మన కొనుగోలుదారుల నిర్లక్ష్యం అని నేను అనలేకపోవడానికి ఇదే కారణం.

ఇప్పుడు అందరి నోటా ఉన్నది సోలార్. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు కిలోవాట్లకు 78 వేలు రాయితీ ఇస్తున్నారు. నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్ళకీ పెట్టించుకోమనే చెప్తాను. మూడు కిలోవాట్ల పలకలు మంచి ఎండ రోజున పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి, పైగా శ్లాబులో కొంత భాగానికి నీడ. నాకు బాధ కలిగించేది వేరే. "సోలార్ పెట్టించాం కదండీ, ఇంక గోడలెందుకు, ఇంకో ఏసీ వేసుకుందాం" అనే మాట తరచు వింటున్నాను. పలకలు పనిచేసేది పగలు. నైరుతి గదిలో ఏసీ వేసేది రాత్రి పదింటికి. నెట్ మీటర్ లెక్కలో రెండూ సరిపోవచ్చు, కానీ ఆ రాత్రి కరెంటు కోసం ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో బొగ్గు కాలాల్సిందే. పలక కావాలి, నీడా కావాలి. ఒకటి ఉంది కదా అని రెండోది మానేస్తే రాయితీ సొమ్ముతో కొన్నది అదనపు వేడే అవుతుంది.

ఎంచుకునే అవకాశమే లేనివాళ్ళ గురించి కూడా చెప్పాలి. పట్టణ పేదల కోసం ప్రభుత్వం తలపెట్టిన టిడ్కో ఇళ్ళను షియర్ వాల్ పద్ధతిలో కట్టారు, అంటే ఇటుక లేకుండా గోడలన్నీ కాంక్రీటే. వేగంగా లేస్తాయి, గట్టిగా ఉంటాయి. కానీ కాంక్రీటు ఇటుక కన్నా త్వరగా వేడిని లోపలికి పంపుతుంది, అందులో ఉండేవాళ్ళలో ఏసీ ఉన్నవాళ్ళు తక్కువ. ఏసీ లేని ఇంటికే మంచి గోడ, తెల్ల కప్పు ఎక్కువ అవసరం. ప్రభుత్వం డబ్బుతో ముందుగా సున్నం పడాల్సిన డాబాలు అవి.

అలవాటు మారదన్న నిరాశ నాకు లేదు. పదేళ్ళ కిందట మన రాష్ట్రంలో పాత బల్బు తెచ్చిస్తే పది రూపాయలకు ఎల్‌ఈడీ బల్బు ఇచ్చారు. అప్పుడు ఎల్‌ఈడీ అంటే ఏమిటో ఎవరికి తెలుసు? బిల్లులో తేడా కనిపించింది, అంతే, పాత బల్బు అడిగేవాళ్ళు లేకుండా పోయారు. గోడ చేసే మేలు కూడా బిల్లులో ఉంటుంది. దాన్ని విడదీసి చూడటం మనకు ఇంకా అలవాటు కాలేదు.

విడదీయడం సులువే. పాత ఇల్లు కొనేవాళ్ళు అమ్మేవాళ్ళను రెండు కరెంటు బిల్లులు అడగండి: జనవరిది ఒకటి, మే నెలది ఒకటి. ఫ్రిజ్, టీవీ, మోటారు రెండింట్లోనూ ఉంటాయి. మేలో అదనంగా పెరిగిన యూనిట్లు దాదాపుగా ఆ ఇంటి వేడి. ఆ పెరిగిన యూనిట్లు కరెంటు ఛార్జీల్లో ఎక్కువ రేటున్న శ్లాబులో పడతాయి. కొన్నేళ్ళుగా నాలుగు వందలు దాటిన ప్రతి యూనిట్‌కీ తొమ్మిది రూపాయల డెబ్బై ఐదు పైసలు, సర్దుబాటు ఛార్జీలు వేరు. ఇల్లు చూడటానికి పొద్దున్న పదింటికి కాకుండా మధ్యాహ్నం నాలుగింటికి వెళ్ళండి, పడమటి గోడకు లోపలివైపు చెయ్యి ఆనించండి. వీలైతే రాత్రి తొమ్మిదింటికి ఇంకోసారి. మధ్యవర్తికి విసుగు రావచ్చు, రానివ్వండి.

రిజిస్ట్రేషన్‌కు ముందు ఈసీ తీయించకుండా మనలో ఎవరూ ఇల్లు కొనరు. సర్వీసు నంబరు వారీగా పన్నెండు నెలల వాడకం విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర ఉండనే ఉంటుంది. అమ్మే యజమాని అనుమతితో దాన్ని ఒక పేజీగా తీసి దస్తావేజుల వెంట పెట్టడం పెద్ద పనేమీ కాదు. కొత్త ఫ్లాట్‌కు పాత బిల్లు ఉండదు కాబట్టి బిల్డరు మూడు సంగతులు బ్రోచర్లో రాయాలి: పడమటి గోడ దేనితో ఎంత మందాన కట్టారు, శ్లాబు మీద ఏం వేశారు, కిటికీల్లో నిజంగా తెరుచుకునేది ఎంత. ఒక్క వెంచర్‌లో నలుగురు కొనుగోలుదారులు ఇవి అడిగి, జవాబు రాకపోతే పక్క వెంచర్‌కు వెళ్ళారంటే, వచ్చే వేసవికి అందరి బ్రోచర్లలోనూ ఆ మూడు వరుసలు ఉంటాయి.